ఉయ్యాల మీద నాలుగు బోల్టులు

2022, ఆషాఢ మాసం. మా అనంతపురం జిల్లాలో ఆషాఢమంటే వానల నెల కాదు, గాలి నెల. పొద్దెక్కేకొద్దీ లేచి సాయంత్రం దాకా వీస్తుంది. రేకులను లేపుతుంది, ఆరేసిన బట్టలను పక్క వీధికి చేరుస్తుంది, మిద్దెల మీది డిష్‌లను పక్కకు తిప్పేస్తుంది. నాలాంటివాళ్లకు పని ఎక్కువగా దొరికేది ఆ నెలలోనే. బుక్కరాయసముద్రంలో తాడిపత్రి బస్సులు ఆగేచోట నాకొక చిన్న రిపేరు దుకాణం ఉంది. టీవీలు, సెట్‌టాప్ బాక్సులు, డిష్ యాంటెన్నాలు బాగుచేస్తాను. ఏ కంపెనీ మనిషినీ కాను.

ఈ పని నాకు కాలేజీ నేర్పలేదు. పదో తరగతి తర్వాత చదువు ఆగిపోతే, అనంతపురం గ్రంథాలయంలో మధ్యాహ్నాలు కూర్చొని నేర్చుకున్నాను. ఎలక్ట్రానిక్స్ పుస్తకాలు అయిపోయాక పక్క బీరువాలోవి కూడా వదల్లేదు. ఉపగ్రహాల మీద, నేలల మీద, ఇళ్ల కట్టుబడి మీద ఉన్నవన్నీ చదివాను. "డిష్ పనివాడికి రాళ్ల పుస్తకం ఎందుకయ్యా?" అని లైబ్రేరియన్ ఒకసారి అడిగారు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈ కేసు తర్వాత దొరికింది.

ఓబులేసు అనే ఆయన ఒకరోజు నా దుకాణంలోకి వచ్చాడు. తాడిపత్రికి ఇవతల ఒక పల్లె ఆయనది. బండల పాలిష్ ఫ్యాక్టరీలో కోత మిషన్ మీద పని. కూతురు సుజాత కాన్పుకు పుట్టింటికి వచ్చి మగబిడ్డను కన్నది. బిడ్డకు మందులు తీసుకొని తిరుగు బస్సు కోసం నిలబడి, నా బోర్డు చూసి లోపలికి వచ్చాడట.

"అన్నా, మా ఇంట్లో టీవీ గాలొస్తే పోతాది. గాలి నిలిస్తే వస్తాది. బొమ్మంతా చదరాలు చదరాలుగా పగిలిపోతాది."

"డిష్ వదులై ఉంటాది. కంపెనీవాళ్లకు చెప్పల్యా?"

"చెప్పకేం. వస్తానే ఉండారు, పోతానే ఉండారు. వచ్చినప్పుడు బాగనే వస్తాది. ఫోన్‌కు ఒక నంబరొస్తాది, అది చెప్పమంటారు. చెప్తాం. వాళ్ల బండి ఊరు దాటినంక మళ్లా పోతాది."

ఆయన చెప్పిన నంబరు ఓటీపీ. ఇంటివాళ్లు ఆ నంబరు చెబితే ఫిర్యాదు తీరిపోయినట్టు కంపెనీ కంప్యూటర్‌లో నమోదవుతుంది. అసలు బాగైందా లేదా అని మళ్లీ వచ్చి చూసేవాళ్లు ఉండరు. మెకానిక్కులు పొద్దున్నే, గాలి లేవకముందే వస్తారు. మీటరు పెట్టి డిష్‌ను కాస్త తిప్పుతారు. సిగ్నల్ నిండుగా కనిపిస్తుంది, ఫోటో తీసుకుంటారు, నంబరు అడుగుతారు, పోతారు. గాలికి పోయే బొమ్మను గాలి లేనప్పుడు వచ్చి చూసి "బాగుంది" అని రాసుకోవడం ఏ రకం మరమ్మతో నాకు ఈనాటికీ అర్థం కాదు.

మరునాడు నేను వెళ్లాను. ముందుగా ఆ ఇంటి గురించి చెప్పాలి, ఎందుకంటే సంగతంతా అందులోనే ఉంది.

తాడిపత్రి వైపు పాత ఇళ్లు చాలావరకు బండల మిద్దెలు. మందమైన రాతిగోడల మీద దూలాలు పరిచి, దూలానికీ దూలానికీ మధ్య పొడవాటి నాపబండలు వేస్తారు. పైన గార గాని సిమెంటు గాని పూస్తారు. ఎండకు చల్లగా ఉంటుంది, చక్కగా కట్టుకుంటే తరాలు నిలుస్తుంది. కాంక్రీటు కప్పులో ఇనుము ఉంటుంది. పగిలినా ఆ ఇనుము కొంత పట్టుకుంటుంది. బండకు లోపల అలాంటిదేమీ లేదు. రెండు కొసలూ దూలాల మీద ఆనించుకొని నడుమంతా గాలిలో నిలబడి ఉంటుంది.

ఓబులేసు ఇంట్లో లోపలి గది బాలింతకు ఇచ్చారు. నెలల తరబడి ఆ గది దాటకుండా ఉండాల్సిన పిల్లకు పొద్దుపోవాలని ఆయన కొత్తగా డిష్ కనెక్షన్ పెట్టించి, టీవీని ఆ గదిలోనే గోడకు బిగించాడు. దూలానికి కొక్కెం, కొక్కేనికి చీర ఉయ్యాల, ఉయ్యాలలో బిడ్డ. ఆ ఉయ్యాల ఊగినప్పుడల్లా పక్క బండ కిందికి పోయి వస్తుంది. ఆ బండ మీదే, సరిగ్గా నడుమ, డిష్ నిలబడి ఉంది. కంపెనీ ఇచ్చే వైరు కొలత ఇంతేనని ఉంటుంది. ఎక్కువ పొడవు కావాలంటే బిగించే కుర్రాడికి తలనొప్పి. అందుకని టీవీకి నెత్తిన ఎక్కడ దగ్గరైతే అక్కడ బిగిస్తారు.

నేను పోయేసరికి గాలి ఇంకా లేవలేదు. టీవీ బొమ్మ అద్దంలా ఉంది. ఓబులేసు భార్య నారాయణమ్మ నన్ను చూసి పెదవి విరిచింది.

"ఇంగో మడిసి వచ్చినాడా. నంబరు ఇప్పుడే చెప్పేదా, మజ్జిగ తాగినంక చెప్పేదా నాయనా?"

"నాకు నంబరు వద్దక్కా. గాలొచ్చేదాకా ఈడే కూర్చుంటాను."

"కూర్చుంటావా?" అని ఆమె మొగుడి వైపు తిరిగింది. "ఈయన యా కంపెనీప్పా, కూర్చుంటానంటాండాడు."

కూర్చున్నాను. సుజాత ఉయ్యాల బట్ట తీసి వాకిట్లో దులుపుతూ ఉంటే తెల్లటి పొడి లేచింది. ఏంది పాపా అది అని మాటవరసకు అడిగాను.

"సున్నం చిన్నాయనా. పాత ఇల్లు గదా, రాల్తాది. దినమ్మూ దులపాల్సిందే. లేకుంటే బిడ్డ కండ్లల్లో పడతాది."

"ముందునుంచీ రాల్తాందా?"

ఆ అమ్మాయి కాస్త ఆలోచించింది. "లేదు. నేను వచ్చిన కొత్తల్లో రాల్లేదు."

అప్పటికి నాకు అది తట్టలేదు. పదకొండు కావొస్తుండగా గాలి లేచింది. వేపచెట్టు ఒక పక్కకు వంగింది, టీవీలో బొమ్మ చదరాలుగా విడిపోయింది. మిద్దె ఎక్కి చూశాను. క్లాంపులు గట్టిగా ఉన్నాయి. గొట్టం నిటారుగా ఉంది. డిష్ ముందుకు చాచిన చేతి కొసన ఉండే ఎల్‌ఎన్‌బి, అంటే ఆకాశం నుంచి వచ్చిన తరంగాన్ని పట్టి వైరులోకి పంపే చిన్న డబ్బా, అది కూడా బిగువుగా ఉంది. గొట్టాన్ని బండకు పట్టే నాలుగు బోల్టులు, నాలుగూ బిర్రుగా ఉన్నాయి. ఏదీ వదులు లేదు. అయినా డిష్ తల ఆడిస్తోంది.

బండ అంచున కూర్చొని అరచేయి కింద పెట్టాను. గాలి విసురు వచ్చినప్పుడల్లా చేతి కింద బండ సన్నగా వణికింది. కదిలేది డిష్ కాదు. డిష్ నిలబడిన బండ.

అప్పుడు ఉయ్యాల బట్టలోని పొడి గుర్తొచ్చింది. గబగబా దిగి, ఇంకేమీ చెప్పకుండా, "ముందు బిడ్డను వసారాలోకి తీసుకపో పాపా" అన్నాను. సుజాత నా ముఖం చూడగానే బిడ్డను ఎత్తుకొని తీసుకుపోయింది.

డిష్ కింద బండ ఆడుతోందని చెప్పగానే ఓబులేసు ఒక ఇనుప చువ్వ తెచ్చి, గుమ్మంలో నిలబడే చేయి చాచి, కప్పులోని బండలను ఒక్కొక్కటిగా తట్టాడు. ఫ్యాక్టరీలో రోజూ ఆయన చేసే పనే అది. మంచి బండ కంచులా మోగుతుంది. మొదటి బండ మోగింది, రెండోది మోగింది. డిష్ కింది బండ మూతపెట్టిన కుండలా బొదబొదమంది. ఆయన చువ్వ దించేసి గోడకు ఆనుకున్నాడు.

"బొదుగు పడిందన్నా. లోపల పొర ఇడిసింది."

నాపరాయి పొరలు పొరలుగా ఏర్పడిన రాయి. గ్రంథాలయంలోని ఆ రాళ్ల పుస్తకంలో నేను చదివిన సంగతి ఇదే. రాయిని నొక్కితే ఎంత బరువైనా మోస్తుంది, వంచితే ఓర్చుకోలేదు. అలాంటి రాతికి నడుమ హ్యామర్ డ్రిల్ పెట్టారు. హ్యామర్ డ్రిల్ అంటే తిరుగుతూనే సుత్తిలా మోదే మిషన్. ఆ బెజ్జాల్లో యాంకర్ బోల్టులు దించారు. ఈ బోల్టు బిగించేకొద్దీ లోపల ఉబ్బి, చుట్టూ ఉన్నదాన్ని బయటికి తోస్తుంది. కాంక్రీటులో అయితే అదే దాని పట్టు. పొరల రాతిలో అయితే గొడ్డలి దెబ్బ. ఆపైన ఆషాఢం గాలి రోజూ ఆ గొట్టాన్ని పట్టుకొని ఊపుతూ ఉంది.

కప్పు కింది వైపు టార్చి వేసి చూస్తే, బోల్టు ఉన్న చోట తెల్లటి మచ్చ కనిపించింది. సున్నం తెలుపు కాదు, కొత్త తెలుపు. నారాయణమ్మను అడిగాను.

"అదా. బిగించినప్పుడు ఈడ పెచ్చు ఊడి పడిందప్పా. ఆ పిల్లోడు దిగొచ్చి తెల్ల సిమెంటు పూసి, కిందంతా ఊడ్చినాడు. ఎంత శుభ్రం మడిసి అనుకుంటి. మజ్జిగ కూడా ఇస్తి."

నాకు ఒళ్లు మండింది. డ్రిల్లు బండను దాటి కిందికి వచ్చింది. పెచ్చు ఊడింది. ఆ మనిషి దాన్ని చూశాడు. తన కళ్ల ముందే ఉయ్యాల కొక్కెం ఉంది. చూసి, తెల్ల సిమెంటు పూసి, మజ్జిగ తాగి, నంబరు రాయించుకొని పోయాడు. తెలియక చేసిన తప్పును నేను అర్థం చేసుకోగలను. తెలిసి పూసిన సిమెంటును ఎట్లా అర్థం చేసుకోవాలి?

"నేను చెప్తి గదా," అంది నారాయణమ్మ, మొగుడు అడగకముందే. "నువ్వు పనికి పోయింటివి. బండలో కొట్టొద్దప్పా, గోడ మీద పెట్టుకో అంటి. అవ్వా నీకు తెల్దు, మా రూలు ఇదే అనె. కంపెనీ చొక్కా ఏసుకొని వచ్చినోడికి నా మాట యాడ ఇనపడతాది?"

కంపెనీకి ఫోన్ చేశాను. చాలాసేపు పాట వినిపించాక ఒక అమ్మాయి పలికింది.

"సర్, మీ సమస్య ఏమిటో చెప్పండి సర్."

"డిష్ బిగించిన చోట మిద్దె పగిలిందమ్మా. కింద పసిబిడ్డ ఉంది. వెంటనే మనిషిని పంపండి."

"తప్పకుండా సర్. ఇప్పుడు టీవీలో సిగ్నల్ వస్తుందా సర్?"

"టీవీ సంగతి కాదమ్మా. మిద్దె."

"అర్థమైంది సర్. కానీ నాకు మిద్దె అనే ఆప్షన్ లేదు సర్. 'బొమ్మ ఆగిపోతోంది' అని పెట్టమంటారా?"

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆమె ముందున్న తెరలో అంతే ఉంది. అంత పెద్ద కంపెనీ, ముప్పై ఆరువేల కిలోమీటర్ల ఎత్తున నిలబడిన ఉపగ్రహాన్ని పట్టుకొని బొమ్మను పల్లె గదిలోకి దించగలిగిన కంపెనీ, ఆ బొమ్మ దిగే ఇల్లు పగలవచ్చని ఒక్కసారి కూడా అనుకోలేదు. నా కోపం దాని మీద.

ఆ తర్వాత తాడిపత్రి సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. "అన్నా, మీరు బయటి మడిసి. డిష్ ముట్టుకోవద్దు. ముట్టుకుంటే వారంటీ పోతాది. నేను సాయంత్రానికి వచ్చి చూస్తా."

"సాయంత్రం దాకా గాలి ఆగమంటే ఆగుతాదా అన్నా?"

"పాత బండలన్నా అవి. పగిలేవే."

ఫోన్ ఓబులేసుకు ఇచ్చి, ఇల్లు మీది, మీరే చెప్పండి అన్నాను. ఆయన నా వైపు తిరిగి "తీసెయ్ అన్నా" అని మాత్రం చెప్పి ఫోన్ పెట్టేశాడు.

పగిలిన బండ మీద కాలు పెట్టకూడదు. రెండు వైపులా ఉన్న దూలాల మీద ఆనేటట్టు పెద్ద నిచ్చెన పరిచి, దాని మీద బోర్లా పడుకొని పని మొదలుపెట్టాను. బోల్టులను కోసేస్తే అదురుతుందని, నూనె వేసుకుంటూ స్పానరుతో మెల్లగా విప్పాను. చివరి బోల్టు ఊడే ముందు కింద ఏదో రాలిన చప్పుడు వినిపించింది. ఓబులేసు గుమ్మంలోంచే "ఏం కాల్యా, పొడే" అన్నాడు. డిష్‌ను గోడ మీదికి దాటించి, నేను దిగేసరికి నా చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

మధ్యాహ్నం షిఫ్టు దిగి ఓబులేసు తోటి పనివాళ్లు వచ్చారు. బండలతో బతికే మనుషులు, ఒకరికొకరు చెప్పుకోవాల్సిన పని లేదు. బండకు రెండు కొసల దగ్గరా కింద కొయ్యలు ఆనించి, పైన గార తవ్వి, గడ్డపారలతో లేపడం మొదలుపెట్టారు. అంతలోనే సూపర్‌వైజర్ కూడా బండి దిగాడు. వస్తూనే గోడ మీద పెట్టిన డిష్‌కు ఫోటో తీసుకున్నాడు. బయటివాళ్లు తీశారని సాక్ష్యం కోసమట.

పైనుంచి "జాగర్త" అని కేక వినిపించింది. బండ పైకి లేచింది, కాని సగం మందమే లేచింది. కింది పొర విడిపోయి నడుమ నుంచి జారి గదిలో పడింది. నేల బండ కూడా పగిలింది. దుమ్ము తగ్గాక చూస్తే ఆ ముక్క ఉయ్యాల ఊగే చోటే ఉంది. ఖాళీ ఉయ్యాల కొక్కేనికి వేలాడుతూ ఉంది. ఆ గాలికి అది ఇంకా కదులుతోంది.

సుజాత వసారాలో బిడ్డను ఎత్తుకొని కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. ముందు మాట్లాడింది సూపర్‌వైజరే.

"మేము అన్ని ఇండ్లల్లో ఇట్లనే బిగిస్తామన్నా. యాడా ఇట్ల కాల్యా."

తనను కాపాడుకోవడానికి అన్న మాట అది. ఆ మాట ఎంత భయంకరమైందో ఆయనకు తెలియలేదు. బిగించిన కుర్రాడు ఎక్కడున్నాడని అడిగితే, మానేసి ఇంకో కంపెనీలో చేరినాడు అన్నాడు. అంటే ఆ డ్రిల్లు ఇంకా తిరుగుతూనే ఉంది.

తర్వాత ఆయన ఫోన్ చూసుకొని, కాస్త నసుగుతూ నారాయణమ్మ దగ్గరికి వచ్చాడు. "అమ్మా, మీ ఫోన్‌కు నంబరొచ్చింటాది. అది చెప్పితే..."

"ఏం నంబరు నాయనా?"

"కంప్లైంటు తీరిపోయినట్టు పెట్టాల. మాకు పైనుంచి అడుగుతారు."

నారాయణమ్మ ఆయన చేయి పట్టుకొని గదిలోకి తీసుకుపోయింది. కప్పులో బండ లేని చోట నుంచి ఆకాశం నీలంగా కనిపిస్తోంది.

"ఈడ నిలబడు. పైకి చూడు. నీకు సిగ్నల్ ఇంత బాగా ఎప్పుడన్నా వచ్చినాదా?"

ఆమె నవ్వలేదు. ఆయన నంబరు మళ్లీ అడగలేదు. దుమ్ములో కొంచెంసేపు నిలబడి, "కొత్త బండ వేసేటప్పుడు చెప్పండమ్మా, నేను కూడా వస్తా" అని బండెక్కాడు. రాలేదు.

ఆ రోజే డిష్‌ను రెండు రాతిగోడలు కలిసే మూల మీద, కప్పుతో సంబంధం లేకుండా, గోడ మందంలో బిగించాను. వైరు చాలకపోతే నా సంచిలోది కలిపాను. గాలి ఇంకా పడలేదు. బొమ్మ చదరలేదు. కాని ఆ టీవీని అప్పుడు ఎవరూ చూడలేదు. సుజాత గుమ్మానికి ఇవతలే నిలబడి, "ఇంగ ఈ గది వద్దు చిన్నాయనా, మాకు వసారా చాలు" అంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పొద్దు వాలుతోంది. దారి పొడవునా పల్లెలు, పల్లెల్లో బండల మిద్దెలు, మిద్దెల మీద డిష్‌లు. అన్నీ ఒకే దిక్కుకు ముఖం పెట్టి ఉన్నాయి. ఇన్నేళ్లుగా ఆ దారిలో తిరుగుతూ నేను చూసింది ఆ ముఖాలనే, సరిగా తిరిగి ఉన్నాయా లేదా అని. ఆ రోజు మొదటిసారి వాటి కాళ్లు చూశాను. గోడ మీద నిలబడినవి తక్కువ. నడుమ బండ మీద నిలబడినవే ఎక్కువ. ప్రతి దాని కింద ఒక గది ఉంటుంది. "అన్ని ఇండ్లల్లో ఇట్లనే" అన్న మాట బస్సు దిగేదాకా నా చెవిలోనే ఉంది.

తర్వాత ఆ కంపెనీకి ఫోన్‌లు చేశాను, ఉత్తరం రాశాను. మీ ఫిర్యాదు మాకు ముఖ్యమైనది అని మెసేజీ వచ్చింది. ఓబులేసు, ఆయన తోటివాళ్లు మాత్రం ఆదివారాల్లో చువ్వలు పట్టుకొని తమ ఊళ్లో మిద్దెలన్నీ తట్టి చూశారు. బొదబొదమన్న చోట నన్ను పిలిచారు. కంపెనీ చేయాల్సిన పని ఆ మనుషులు తమ సెలవు రోజుల్లో చేశారు.

గాలికి పోయే బొమ్మను అందరం జబ్బు అనుకున్నాం. అది ఆ ఇంటికి వచ్చిన హెచ్చరిక. వచ్చిన ప్రతి మెకానిక్కూ ఆ హెచ్చరికను ఆపడానికే ప్రయత్నించాడు. ఈ కేసు నాకు నేర్పింది అది. అందుకే ఇప్పుడు ఏ ఇంటికి పోయినా మిద్దె ఎక్కేముందు, టీవీ వైపు చూడకముందు, ఒక మాట అడుగుతాను. మొన్న గుత్తి దగ్గర ఒక పెద్దాయన ఆ మాటకు చిరాకు పడ్డాడు.

"ఏమప్పా, టీవీ చూడమని పిలిస్తే, ఆ గదిలో ఎవరు పడుకుంటారని అడుగుతావేం?"

"చెప్పు పెద్దాయనా," అన్నాను. ఆయన చెప్పేదాకా సంచి తెరవలేదు.